జోగమ్మ చామంతికి కాస్త చీకటి

ఉక్కునగరంలో మూడో అంతస్తులో మా ఎదురు వాటా జోగమ్మది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి. గొంతు పెద్దది, ధైర్యం అంతకన్నా పెద్దది. కుళాయి రాకపోతే ఆఫీసుకి వెళ్ళి దెబ్బలాడేది ఆవిడే, దెబ్బలాడి నీళ్ళు తెప్పించేదీ ఆవిడే. నేను బళ్ళో పాఠాలు చెప్పుకునేదాన్ని, ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని. ఆవిడ లక్ష్మివారం అమ్మవారికి దణ్ణం పెట్టుకునేది. అయినా ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవాళ్ళం.

అంత మనిషికి నిద్ర మాత్రం లేదు. అది ఎనభైల నడిమి కాలం. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా లేస్తూనే ఉంది, పనులు మూడు షిఫ్టులూ నడుస్తున్నాయి. జోగమ్మ ఇంట్లో మగవాళ్ళు ముగ్గురు: మొగుడు జగ్గారావు, మరిది సత్యం, ఆవిడ తమ్ముడు చలమయ్య. ముగ్గురికీ అక్కడే ఉద్యోగం. ఒకడు తెల్లవారుజామున లేచి వెళ్ళాలి, ఒకడు అర్ధరాత్రి దగ్గర్లో వస్తాడు, ఇంకొకడు రాత్రంతా పనిలో ఉండి పొద్దున్నే వచ్చి పడుకుంటాడు. వారం మారితే వేళలూ మారతాయి. ఎవరు ఎప్పుడు వచ్చినా వేడన్నం ఉండాలి. హాల్లో ట్యూబులైటు ఆరేది కాదు, వంటింట్లో కిరసనాయిలు స్టవ్వు చల్లారేది కాదు.

జోగమ్మ మధ్యమధ్యలో గోడకి చేరబడి కునుకు తీసేది. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు మూతలు పడేవి. ఒకసారి మరిగే పులుసు చేతిమీద ఒలకబోసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "పడుకుంటానని చెప్పెయ్ వదినా, ముగ్గురికీ చేతులున్నాయి" అన్నాను.

"బాగున్నాది. కష్టపడి వత్తన్నారు. నీ అన్నం నువ్వే ఎట్టుకో, నాను పడుకుంతానని ఎలగ సెప్పీది?" అంది.

ఊరందరితో దెబ్బలాడే మనిషి ఆ ఒక్కమాట తన ఇంట్లో అనలేకపోయింది. నాకు ఎంత కోపం వచ్చేదో చెప్పలేను.

ఇక చామంతి సంగతి. ఆవిడ పల్లె నుంచి వచ్చినప్పుడు పుట్టింటి పెరట్లోని పసుపు చామంతి పిలక తెచ్చుకుని డాల్డా డబ్బాలో వేసింది. బాల్కనీలో పెడితే సముద్రపు గాలికి ఆకులు చిరిగిపోయేవి, బుల్‌డోజర్లు తవ్వే ఎర్రమట్టి వచ్చి మీద పడేది. అందుకని హాల్లో తూర్పు కిటికీ దగ్గర పెట్టింది. మొక్క ఏపుగానే పెరిగింది. పువ్వు మాత్రం పూయలేదు. ఒక ఏడాది పోయింది, రెండో ఏడాదీ పోయింది.

"మా ఊర్లో పెంట మీద పారీసినా పూసీది" అనేది జోగమ్మ. కుళాయి నీళ్ళలో మందు కలుపుతున్నారంది. డబ్బా చిన్నదంది. కింది వాటా సూర్యకాంతమ్మ కన్ను పడిందని మిరపకాయలతో దిష్టి తీసింది. చివరికి బియ్యం కడుగు రోజుకి రెండు పూటలా పోసి మొక్కని సగం ముంచేసింది. అయినా పంతం తగ్గలేదు. ఈ మార్గశిరం ఆఖరి లక్ష్మివారం బురుజుపేట కనకమహాలక్ష్మికి తన ఇంటి పువ్వే పెడతానని మెట్లమీద నిలబడి అందరికీ వినిపించేలా చెప్పింది. మొక్కుకున్నది అమ్మవారికి, వినిపించింది సూర్యకాంతమ్మకి.

ఆ ఏడాది నేను పూనుకున్నాను. అడుగున మేకుతో చిల్లులు కొట్టించాను. పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే నీళ్ళు పొయ్యాలని చెప్పాను. జోగమ్మ ఊరి నుంచి మాగిన పేడ ఎరువు తెప్పించింది. శ్రావణం దాకా చివుళ్ళు తుంచుతూ వచ్చింది, మొక్క గుబురుగా అయ్యింది. ఆకులమీద దుమ్ము తడిగుడ్డతో తుడిచేది, ఎండ అన్ని వైపులా తగిలేలా డబ్బా తిప్పుతూ ఉండేది. నా చేతిలో కంటే ఆవిడ చేతిలోనే మొక్క మాట వినేది, ఒప్పుకోక తప్పదు.

దసరా వెళ్ళిన వారం ఒక సాయంత్రం ఆ ఇంట్లో కూర్చుని ఉంటే ట్యూబులైటు సరిగ్గా మొక్క నెత్తిన వెలుగుతోంది. నాకు చిన్నప్పటి మా మిషన్ కాంపౌండు గుర్తుకొచ్చింది. అక్కడ గేటు దీపం కింద పెట్టిన చామంతి కుండీలు ఎప్పుడూ ఆకులతోనే ఉండేవి, చీకట్లో ఉన్నవే పూసేవి.

"వదినా, దీనికి రాత్రి లేదు. చామంతికి పొడుగాటి చీకటి కావాలి. మధ్యలో లైటు వేసినా మొగ్గ తొడగదు" అన్నాను.

జోగమ్మ ట్యూబులైటు వంక చూసింది, మొక్క వంక చూసింది.

ఆ రాత్రే ముగ్గురికీ హుకుం జారీ అయ్యింది. ఎనిమిదయ్యాక తెల్లారేదాకా హాల్లో లైటు వెయ్యకూడదు. వంటింటి గుమ్మానికి పాత దుప్పటి కట్టింది. "గిన్నెల్లో అన్నీ ఉంతాయి. దుప్పటి సాటున బుడ్డి దీపం ఎట్టుకుని ఎవులికి ఆలే తినండి. నాను లేత్తే లైటు ఎయ్యాల, లైటేత్తే అమ్మోరి పువ్వు పోతాది" అంది.

సత్యం తెలివైనవాడు. మర్నాడు ఫ్యాను కొన్న అట్టపెట్టె పట్టుకొచ్చాడు. "ఏటి వదినా, ఇంత సిన్న పనికి ఇల్లంతా సీకటి సెయ్యాలా? రేతిరి ఇది మూసీ, పొద్దున్న తీసీ" అన్నాడు. మాట సబబే. జోగమ్మ రెండు రోజులు మూసింది. మూడో రోజు పొద్దున్న తియ్యడం మరిచిపోయింది. మధ్యాహ్నానికి ఆకులు వాడి వేలాడాయి. "నిద్దర లేని బుర్ర, ఏటి గుర్తుంతాది" అని పెట్టెని మెట్లమీద పారేసింది. మా మేడలో పది వాటాల పాలవాడి బాకీలు నోటికి చెప్పే మనిషి ఆ పెట్టె నిజంగా మరిచిపోయిందంటే నేను నమ్మను. అడగనూ లేదు.

తర్వాత ఆ ఇంట్లో పాట్లు వినాలి. చలమయ్య మజ్జిగ అనుకుని గంజి పోసుకుని తిన్నాడు. జగ్గారావు తమ్ముడి చొక్కా వేసుకుని డ్యూటీకి పోయాడు, బొత్తాలు పట్టలేదట. "అప్పా, నీ మొక్క మమ్మల్ని సంపీలా ఉంది" అని చలమయ్య అక్కతో మొత్తుకుంటే, "అమ్మోరితో సెప్పుకో" అని జోగమ్మ అటు తిరిగి పడుకుంది. అమ్మవారి మాట తీసేసే ధైర్యం ముగ్గురిలో ఒక్కడికీ లేదు.

నాగులచవితి దాటాక మొగ్గలు కనిపించాయి, పచ్చగా మిరియాల్లాగా. జోగమ్మ చీపురుపుల్లలు గుచ్చి కొమ్మలకి దారాలు కట్టింది. మొక్కకంటే నాకు ఆవిడ ముఖమే ఎక్కువ కనిపించేది. కళ్ళకింద నలుపు పోయింది, చెంపలు నిండాయి. మాట మధ్యలో తూలడం మానేసింది. మార్గశిరం వచ్చేసరికి డబ్బా నిండా పువ్వులే. ఆఖరి లక్ష్మివారం పొద్దున్నే సిటీ బస్సెక్కి బురుజుపేట వెళ్ళి అమ్మవారికి పెట్టి వచ్చింది. వస్తూ వస్తూ ఒక పువ్వు సూర్యకాంతమ్మ చేతిలో పెట్టి మరీ మెట్లెక్కింది. ఆ నడకలో ఆవిడ దర్జా చూసి తీరాలి.

ఆ సాయంత్రం నాకు ప్రసాదం ఇస్తూ కూర్చోబెట్టింది. చలమయ్య డ్యూటీలో ఉన్నాడు. జగ్గారావు రాత్రి షిఫ్టుకి బయల్దేరుతున్నాడు. ఎనిమిది అవుతుంటే జోగమ్మ లేచి లైటు ఆర్పి, చాప పరుచుకుంది. బయట తిరిగి అప్పుడే వచ్చిన సత్యం చెప్పులు విడుస్తూ స్విచ్చి వేశాడు. "అమ్మోరికి ఎట్టీసినావు గదా వదినా. మొక్క పనయిపోనాది. లే, వేడిగా ఇంత అన్నం ఎట్టు" అన్నాడు నవ్వుతూ. జగ్గారావు కూడా "అవును మరి" అన్నాడు.

జోగమ్మ లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మొక్కకి రేతిరి కావాలంటే ముగ్గురూ ఊరుకున్నారు. సీకట్లో తిన్నారు, నానెట్టకపోయినా ఎవులూ సావలేదు. పువ్వు ఎట్టీసినాను, నిజవే. ఇకమీద నాకోసం ఊరుకోండి" అంది.

సత్యం నవ్వు ఆగిపోయింది. జగ్గారావు గుమ్మంలో నిలబడి ఆవిడ చేతిమీద పులుసు కాలిన మచ్చని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. చేతిలోని అన్నం క్యారేజీ కింద పెట్టి, తనే వెళ్ళి లైటు ఆర్పాడు.

"సత్యం, గిన్నెలు సప్పుడు సెయ్యకు. మీ వదిన పడుకున్నాది" అన్నాడు.