ఉపదేశి పోయని నీళ్ళు

జ్ఞానరత్నానికి మొండిపట్టు తల్లి కడుపులోనే అబ్బిందని భార్య సూసన్న అనేది. కాదని ఎవరనగలరు? పగలంతా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ పని. సాయంత్రం కూత కూసిందంటే చాలు, ఒళ్ళు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, సువార్త పుస్తకం చంకన పెట్టుకుని రైల్వే క్వార్టర్ల లైన్ల వెంట బయలుదేరేవాడు. గుడిలో ఫాదరుగారు పూజ లాటిన్‌లో చేసి, ప్రసంగం ఇంగ్లీషులో చెబితే, శ్రీకాకుళం నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన జనానికి ఏం అంతుపడుతుంది, పాపం! ఆ ప్రసంగాన్నే వాళ్ళ వాకిళ్ళలో కూర్చుని తెలుగులో మళ్ళీ చెప్పేవాడు. అది చూసే ఫాదరుగారు అతణ్ణి ఉపదేశిగా పెట్టుకున్నారు. జీతం లేదు, భత్యం లేదు.

లైన్లలో అతని మాటకు ఎదురులేదు. చిక్కంతా గోల్‌బజారులోనే. అక్కడ కిరాణా కొట్టు కోటిలింగం శివభక్తుడు, పైగా వాదనంటే చెవి కోసుకుంటాడు. ఆదివారం పూజ అవగానే ఉపదేశి ఆ కొట్టు ముందు బల్లమీద చేరేవాడు.

"మీవోడు సచ్చి లెగిసినాడంటావు. మా మార్కండేయుడు అసలు సావనే లేదు. దీనికేటంటావు?" అనేవాడు కోటిలింగం, పప్పు తూస్తూనే.

"ఆయన తన కోసం బతికినాడు సావుకారూ. ఈయన నీ కోసం సచ్చినాడు."

"సావమని నానడిగినానేటి?"

బజారంతా నవ్వేది. ఉపదేశి ఉడుక్కుని లేచిపోయేవాడు, వచ్చే ఆదివారానికి కొత్త జవాబు వండుకుని మళ్ళీ వచ్చేవాడు. ఏళ్ళు గడిచినా బజారులో ఒక్క పురుగు అతనివైపు తిరగలేదు. కోటిలింగం ఒక్కడు తిరిగితే చాలు, తన బతుకు ధన్యమనుకునేవాడు. రోజూ మరియమ్మ పటం ముందు మోకరించి అదే అడిగేవాడు.

చైనా యుద్ధం జరిగిన ఏడు, చలికాలంలో, కోటిలింగానికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, నోట మాట పోయింది. డాక్టరు పెదవి విరిచేశాడు. ఉపదేశి సుభాష్‌పల్లిలోని సావుకారు ఇంటికి పరుగెత్తేసరికి కోటిలింగం భార్య చంద్రావతి గుమ్మంలో ఎదురొచ్చి, నీళ్ళచెంబు అతని చేతిలో పెట్టింది.

"అన్నయ్యా, తులసి తీర్థం పోసేసినాం. నువ్వు మీ తీర్థం కూడా పొయ్యి. ఏ దేవుడైతేనేటి, మనిసి బతికితే సాలు. బతికితే ఇంటిల్లిపాదీ మీ గుడికే వొస్తాం."

ఉపదేశి చెంబుతో లోపలికి నడిచాడు. ఫాదరుగారు మిడ్నాపూరులో ఉన్నారు. ప్రాణం పోయే వేళ ఫాదరు అందకపోతే, ఉపదేశి నుదుట నీళ్ళు పోసి దేవుడి పేరు పలికినా అది జ్ఞానస్నానమే, మనిషి క్రైస్తవంలో చేరినట్టే. పోయకపోతే, అతను నమ్మినదాని ప్రకారం, స్నేహితుడి ఆత్మ ఏమైపోతుందో! చంద్రావతికేమో అది ఇంకో మందు. మరి కోటిలింగం ఏమంటాడు?

మంచం దగ్గర వంగి, పడిపోని ఎడమచెయ్యి పట్టుకున్నాడు. "సావుకారూ, నీల్లు పొయ్యమంటావేటి? నా సెయ్యి నొక్కు, సాలు."

ఆ చెయ్యి కదలలేదు. అడుగుతూనే ఉన్నాడు. చివరికి చెంబు కింద పెట్టేశాడు.

"ఇన్నాళ్ళూ ఎంటపడి, ఇప్పుడు గుక్కెడు నీల్లకి పిసినారితనమా అన్నయ్యా?" అని చంద్రావతి గొల్లుమంది. అతనూ ఏడ్చాడు. అయినా పోయలేదు. డ్యూటీ మానేసి, జపమాల తిప్పుతూ, రోగి నోరు తుడుస్తూ ఆ మంచం పక్కనే ఉండిపోయాడు.

తిరిగొచ్చిన ఫాదరుగారు సంగతి విని మండిపడ్డారు. చేతికందిన ఆత్మను జారవిడిచావన్నారు. జ్ఞానరత్నం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళు నాతో వాదించినాడండి. నోరు పడిపోయినాక నాను గెలిసేస్తే, అదొక గెలుపేటండి?"

ఫాదరుగారి కోపం తగ్గలేదు. ఇతని పట్టూ సడలలేదు.

కోటిలింగం చావలేదు, మాట మాత్రం రాలేదు. కొట్టు చంద్రావతి చూసుకుంటుంటే, అతణ్ణి తెచ్చి బల్లమీద కూర్చోబెట్టేవారు. ఆదివారం పూజ అవగానే ఉపదేశి మళ్ళీ హాజరు. చంద్రావతి ముఖం తిప్పుకుంది. అతను లెక్కచెయ్యకుండా సువార్త చదివి, "దీనికి నువ్వేటంటావో నాకు తెల్సు సావుకారూ" అని, కోటిలింగం వెయ్యాల్సిన ప్రశ్న తనే వేశాడు, పదును ఏమాత్రం తగ్గించకుండా. జవాబూ తనే చెప్పాడు. ఆ జవాబును కోటిలింగం తరఫున తనే చీల్చి చెండాడాడు. జనం గుమిగూడి వినోదం చూశారు. వారం వారం అదే వరస.

ఒక ఆదివారం ఉపదేశి జ్వరంతో వచ్చి, కోటిలింగం తరఫున చప్పని ప్రశ్నొకటి వేసి ఊరుకోబోయాడు. కోటిలింగం తల అడ్డంగా ఊపాడు. బల్లమీద ఎడమచేత్తో గట్టిగా తట్టాడు.

"నిజమే, ఇది నువ్వడిగే పెశ్న కాదు," అన్నాడు ఉపదేశి. బల్లమీద దగ్గరకు జరిగాడు. తర్వాత కోటిలింగం గొంతుతోనే, నెమ్మదిగా అడిగాడు. "ఆ దినం నువ్వు నీల్లు పొయ్యలేదు. నానప్పుడే సచ్చిపోయుంటే, నీ దేవుడు నన్నేటి సేసేవోడు?"

కోటిలింగం తట్టడం ఆపాడు. త్రాసు పట్టుకున్న చంద్రావతి కూడా తూకం వదిలేసి ఇటు చూసింది.

జ్ఞానరత్నం పుస్తకం తెరిచాడు, మూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"తెల్దు సావుకారూ," అన్నాడు. "తెలిసేదాకా వొస్తూనే ఉంటాను."