ఛాసిస్ నంబరు మీద గ్రీజు

గుర్‌గావ్ షెడ్డులో మామయ్య పాత కారు ఇంజిన్ బేకి, అంటే ఇంజిన్ కూర్చునే గదికి, రంగుకు ముందు వేసే ప్రైమర్ కొట్టే రోజు, నా జాబితాలో మొదటి పని జిడ్డు తుడవడం. మూల ఒకచోట దట్టంగా గ్రీజు కనిపిస్తే థిన్నర్‌తో శుభ్రంగా తుడిచి, ప్రైమర్ కొట్టేశాను.

చాయ్ తాగి వచ్చిన వరంగల్ మిస్త్రీ టార్చి వేసి చూశాడు.

"ఈడ గ్రీజు ఎవరు తీసిండ్రు?"

"నేనే. జిడ్డు మీద రంగు నిలవదు కదా."

"నిలవొద్దనే పూసిన, ఇంజనీర్ సాబ్! దాని కింద ఛాసిస్ నంబరుంది."

కారుకు గుర్తింపు అదే; ఆర్టీవో తనిఖీలో ఆ నంబరు కనిపించకపోతే కారు తుక్కుకే పోతుంది. గంటసేపు దూదితో, థిన్నర్‌తో ప్రైమర్ తుడుస్తూ ఒక్కో అంకెనూ తేల్చాను. అన్నీ చదవగలిగాం.

మిస్త్రీ మళ్లీ గ్రీజు పూశాడు. ఈసారి డబ్బా నేనే పట్టుకున్నాను.