గాజు గొట్టంలో తెల్లమబ్బు

నిజాం కాలం నాటి మాట. నాందేడ్‌లో అన్నయ్య బట్టల దుకాణం వెనక ఇంట్లో, వదినకు తోడుగా ఉండేదాన్ని. నన్ను చూడటానికి మా ఊరు కుండల్‌వాడి నుంచి వచ్చిన అమ్మ నా నిండు మొహం చూసి సంబరపడింది.

"ఈడి నీళ్లు మంచిగ పడ్డయి. బిడ్డ ఒళ్లు చేసింది."

"ఒళ్లు గాదత్తా, వాపు. పట్టీలు సూడు, కాళ్లల్ల ఎట్ల దిగబడ్డయో" అన్నది వదిన. ఆ పూటే అన్నయ్య టాంగా పిలిచాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా కాలిని వేలితో నొక్కింది. గుంట పడి అలాగే ఉండిపోయింది. మూత్రం పట్టి తెమ్మని చిన్న సీసా ఇస్తే, సిగ్గుతో కొంగు కింద దాచి తెచ్చాను. ఆమె దాన్ని గాజు గొట్టంలో పోసి, పైభాగాన్ని స్పిరిట్ దీపం మీద కాచింది. చూస్తుండగానే పైన తెల్లగా మబ్బు కట్టింది. ఏదో పుల్లటి వాసన మందు చుక్కలు వేసినా కరగలేదు. నా భయం ఎటు పోయిందో, ఇంకోసారి చూపించమని అడిగాను.

డాక్టరమ్మ నవ్వింది. "కోడిగుడ్డు సొన కాగితే తెల్లగయితది గదా, ఇది గూడ అసువంటిదే. నెత్తుట్ల ఉండాలె. మూత్రపిండాలు జల్లెడ లెక్క వడగడుతయి. నీయి దెబ్బతిన్నయి, అందుకే ఇది కారిపోతున్నది."

"నయమైతదా?"

"ఉప్పు బంద్ చెయ్యి. మంచం దిగకు. మబ్బు పలచబడుతదా లేదా, వారం వారం సూద్దాం."

వదిన ఉప్పు లేని రొట్టెలు కాల్చి, పాలు పోసి తినిపించేది. నాకు మాత్రం ఆసుపత్రికి వెళ్లే రోజు జాతరే. ఒకసారి మబ్బు మరింత చిక్కబడితే దారంతా ఏడ్చాను. ఆ తర్వాత అది మజ్జిగ తేటలా పలచబడింది. కాళ్లు సన్నబడ్డాయి. ఒకనాడు డాక్టరమ్మ గొట్టాన్ని పటకారుతో సహా నా చేతికిచ్చి, "నువ్వే కాయి" అన్నది.

బుడగలొచ్చాయి. మబ్బు రాలేదు. చుక్కలు వేసినా రాలేదు. ఆమె దాన్ని కిటికీ వెలుగులో పట్టి చూసి తలూపింది. "అయినా కొన్ని నెలలు వస్తుండాలె. ఒక్కసారి చూసి మరిచిపోవద్దు."

ఆ రోజు తోడొచ్చి వరండాలో కూర్చున్న అమ్మ, డాక్టరమ్మ ఏమన్నదని అడిగింది. సంబరంలో తెలుగు మాట అందక, నా నోట ముందు నాందేడ్‌లో అలవాటైన మరాఠీ వచ్చింది, తర్వాత ఉర్దూ. చివరికి అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి గొట్టం చూపించాను. అమ్మ చాలాసేపు చూసింది.

"దీంట్ల ఏం లేదు గదనే."

"అదేనమ్మా. ఏం లేదు."