స్టోరులో జమ అయిన మామ్మ రింగు

నా చిన్నప్పుడు గూడ్సు బళ్లకి ఒక మర్యాద ఉండేది. లెక్కపెట్టగలిగినంత పొడవే ఉండేవి. ఇప్పుడు మనవరాలి స్కూటీ మీద గేటు దగ్గర ఆగితే, బొగ్గు బండి తోక ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు.

వ్యాగన్లు లెక్కపెట్టే ఉద్యోగం నాకు మా మామ్మ ఇచ్చింది. మా నాన్న బిలాస్‌పూర్ వ్యాగన్ షెడ్‌లో ఫిట్టరు. మా క్వార్టరు వెనక గోడ దాటితే పట్టాలే. సాయంత్రం గూడ్సు కదిలితే చాలు, మామ్మ పీట మీద కూర్చుని నన్ను పిలిచేది. నేను ఐదు దాకా పైకి లెక్కపెట్టాలి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఆవిడ కళ్లు మూసుకుని వినేది. నాకు లెక్కలు నేర్పుతోందనుకునేదాన్ని. ఐదు దాటనివ్వదేమిటని కొంచెం చిన్నతనంగా కూడా ఉండేది.

అంతకు ముందు రెండేళ్లు మామ్మ మంచం దిగిందే తక్కువ. మోకాళ్ల నొప్పి అనేది. నాన్న రకరకాల నూనెలు తెచ్చాడు, ఒకదాని కోసం బస్సెక్కి రతన్‌పూర్ వెళ్లొచ్చాడు. మామ్మ అన్నిటినీ బుద్ధిగా మోకాళ్లకే రాసుకుంది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే పక్కింటి అత్త ఒకరోజు తలుపు మూసి ఏదో అడిగి, మర్నాడే ఆవిణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ తర్వాత మామ్మ బిందెలు ఎత్తడం మానేసింది, నడవడం మొదలుపెట్టింది. నూనె పనిచేసిందని నాన్న షెడ్‌లో అందరికీ చెప్పుకున్నాడు.

ఒక ఉదయం వంటింటి కిటికీలో, కడిగి ఆరబెట్టిన నల్ల రబ్బరు రింగొకటి నాన్న కంటపడింది. అచ్చం బ్రేకు గొట్టాల మధ్య వేసే వాషరులా ఉంది. మా నాన్న షెడ్ నుంచి చెయ్యి తుడుచుకునే పేలిక కూడా ఇంటికి తేని మనిషి. ఎవరినీ ఒక్కమాట అడగకుండా, దాన్ని టిఫిన్ సంచిలో వేసుకుని వెళ్లి స్టోరులో జమ చేసేశాడు.

మధ్యాహ్నానికి మామ్మ మళ్లీ మంచమెక్కింది. అమ్మ బియ్యం డబ్బా దగ్గర్నుంచి నా బడి సంచి దాకా వెతికింది. ఏం పోయిందో మాత్రం చెప్పలేదు. సాయంత్రం నాన్న వచ్చి తన నిజాయితీని కొంచెం విపులంగానే వివరించాడు. అమ్మ గోడవైపు తిరిగింది.

“ఏటైంది? అందరూ అలా సూస్తన్నారేటి? అచ్ఛా, షెడ్ సొత్తు ఇంట్లో ఉంచీమంటారా?” అన్నాడు నాన్న.

“అన్నయ్యా, అది బండిది కాదు. మీ అమ్మది,” అంది వెతకడానికి సాయమొచ్చిన పక్కింటి అత్త.

అప్పుడు మామ్మే చెప్పింది. గర్భసంచి కిందికి జారిందట. గుండె బలహీనం కాబట్టి ఆపరేషన్ వద్దని, డాక్టరమ్మ ఆ రింగు లోపల పెట్టి ఆపిందట. తీసి కడిగి మళ్లీ పెట్టుకోవడం కూడా నేర్పిందట. నేను ఐదు వ్యాగన్లు లెక్కపెట్టేదాకా, మూత్రం ఆపుకున్నట్టు లోపలి కండరాలు బిగించడం, తర్వాతి ఐదింటికి వదలడం ఆవిడకి చెప్పిన వ్యాయామమట. ఇదంతా చారు పెట్టే విధానం చెప్పినట్టు చెప్పింది. నాన్న కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాడు. అది ఆయన వెనకే ఉంది.

మర్నాడు పక్కింటి అత్త తీసుకెళ్లి కొత్త రింగు పెట్టించింది. పాతది ఏ వ్యాగన్‌కి ఉపయోగపడిందో రైల్వేకే తెలియాలి. నాకు మిగిలింది ఒక అలవాటు. డాక్టరు ఎదుట కూర్చుంటే, బాధ ఎక్కడుందో అక్కడే ఉందని చెబుతాను. పక్కన ఎవరున్నా సరే. మా కోడళ్లకి మొదట్లో కొంత ఇబ్బందిగా ఉండేది.

రింగు సంగతి బయటపడిన ఆ సాయంత్రమే నాన్న, ఇన్నాళ్లూ తనకెందుకు చెప్పలేదని మామ్మని అడిగాడు.

“నిన్ను కన్నకాడి నుంచీ ఉందిరా ఇది,” అంది మామ్మ. “నీకేటని సెప్పను?”