వార్చని అన్నం

పూండి చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో సన్యాసయ్య వండిన అన్నం విస్తట్లో వడ్డిస్తే మెతుకుకు మెతుకు అంటేది కాదు. ముప్పై ఏళ్ళు గాడిపొయ్యిల దగ్గర నిలబడి సంపాదించిన పేరది. పేరుతోపాటు పొగ కూడా బాగానే సంపాదించాడు. 2006లో టెక్కలి కంటి డాక్టరు, "ఇంకో ఏడాది ఆ పొగలో ఉంటే నీ కళ్ళు నేను నిలబెట్టలేను" అని తేల్చేశాడు. గరిటె తప్ప ఇంకోటి పట్టడం రాని మనిషి ఆ మాటకు వారం రోజులు సరిగా తిండి తినలేదు.

అప్పుడే హేమలత పలాసలో వంట తరగతి పెట్టింది. ఆమె టెక్కలిలో ఒక బడిపంతులి కూతురు, బొంబాయి హోటల్లో పదేళ్ళు జపాను వంటలు చేసి వచ్చింది. ఆరు రోజులు సుషీ నేర్పుతుంది, ఏడో రోజు విశాఖలో ఒక హోటలు పెద్ద వంటాయన వచ్చి తన దగ్గర పనికి ఒకరిని ఏరుకుంటాడు. అక్కడ అన్నీ గ్యాసు పొయ్యిలే, పొగ ఉండదు. సన్యాసయ్యకు కావలసింది ఆ ఒక్క ముక్కే. సుషీ అంటే మనిషి పేరో ఊరి పేరో కూడా ఆయన అడగలేదు.

తీరా చూస్తే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పులుపు కలిపిన అన్నాన్ని సముద్రపు నాచు రేకు మీద పరిచి, మధ్యలో చేపో దోసకాయో పెట్టి, వెదురు చాపతో చుట్టి బిళ్ళలుగా కోయాలి. అన్నం మాత్రం అంటుకోవాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. నీళ్ళు కొలిచి పొయ్యమంటే ఆయన చెయ్యి ఎసరు నిండుగా పోసేసింది. మెతుకు ఉడకగానే మూత అడ్డం పెట్టి గంజి వార్చేసింది. చుట్టిన చుట్ట కోయబోతే ఇసుకలా రాలిపోయింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని తోటివాళ్ళు నవ్వుకున్నారు.

నాలుగో రోజు కూడా గంజి వార్చేసి, గిన్నె పక్కనే కూలబడ్డాడు.

"నన్నొగ్గేయమ్మా. నా సెయ్యి నా మాట ఇనడం నేదు."

హేమలత కసరలేదు. ఆ గంజిలో ఇంత ఉప్పు వేసుకుని గ్లాసుడు తాగింది.

"బాబాయ్, ఒకటి సెప్పు. అమ్మోరికి పెసాదం వొండినప్పుడు కూడా వారుస్తావేటి?"

"అపసారం తల్లీ. పెసాదం వారిస్తే సారం పోదేటి? నీల్లు కొలిసి అత్తెసరు పెడతాం."

"మరి ఇదీ అమ్మోరిదే అనుకో."

ఐదో రోజు సన్యాసయ్య తలస్నానం చేసి వచ్చాడు. గ్యాసు పొయ్యికి దండం పెట్టి, గ్లాసుతో బియ్యమూ నీళ్ళూ కొలిచాడు. చెయ్యి ఈసారి బుద్ధిగా ఉంది. ఉడికిన అన్నం పళ్ళెంలో ఆరబోసి, విసురుతూ పులుపు కలపడం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ఎన్ని పెళ్ళిళ్ళకు పులిహోర కలిపిన చెయ్యది! ఆ రోజు చుట్ట విడిపోలేదు.

ఏడో రోజు విశాఖ పెద్దాయన సన్యాసయ్య పళ్ళెం ముందు ఆగి, "రుచి చూశావా?" అని అడిగాడు.

"నేదు బాబూ. నైవేద్దెం ఎంగిలి సెయ్యకూడదు."

వండింది రుచి చూడని వంటవాడెవడని పెద్దాయన ముఖం చిట్లిస్తూనే ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. తర్వాత రెండోది. మూడోది అందుకుంటూ, "సోమవారం వచ్చెయ్. అక్కడ మాత్రం రుచి చూడాలి" అన్నాడు.

హోటల్లో రుచి చూడటం నేర్చుకున్నాడు. అయితే మొదటి గిన్నెలోంచి ఒక ముద్ద, ఎవరూ ఎంగిలి చేయకముందే తీసి పక్కన పెట్టేవాడు. మూడేళ్ళయినా ఆ అలవాటు మానలేదు. అమ్మవారికా అని వంటింట్లో ఒకరు అడిగారు.

"అమ్మోరికి ఇంటికాడ మా యింటిది పెడతాది. ఇది మా హేమలతమ్మకి. ఈ మెతుకులు నాకు అవుపిస్తన్నాయంటే ఆ తల్లి సలవే" అన్నాడు సన్యాసయ్య.