తలకాయ లేని గద్ద

ఆ రోజుల్లో, అంటే అందరం మాస్కుల వెనక సగం ముఖాలతో తిరిగిన రోజుల్లో, నాకున్న అసూయంతా ఒక గద్ద ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు అది గుర్తొస్తే అన్నం సయించేది కాదు.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో మాల్స్‌కి ఫైబర్ బొమ్మలు చేసే వర్క్‌షాప్ మాది. ఎన్నడో అంతరించిపోయిన ఒక రాక్షస గద్దను చేయమని ఆర్డరొచ్చింది. సముద్రం నడుమ దీవుల్లో బతికి, మనిషికంటే ఎత్తైన పక్షుల్ని వేటాడేదట. మా దగ్గర తలా ఒక ముక్క చేస్తాం, మాల్‌కి పోయాకే అతికిస్తాం. తల మా రూములో ఉండే కడప భాయ్‌కి దక్కింది. నాకు కాళ్ళు. (కాళ్ళని గొప్పకి అంటున్నాను, గోళ్ళు. నెలంతా ఎనిమిది గోళ్ళు రుద్దాను.) మా మేనేజరు, అదే ముదీర్, వచ్చినప్పుడల్లా నా బల్ల దాటిపోయి, "వాహ్, క్యా చోంచ్ బనాయా!" అంటూ ఆ ముక్కునే నిమిరేవాడు. నా గోళ్ళకేం తక్కువ? కడుపు మండి, ఓ శుక్రవారం ఫోన్లో మా ఆవిడకి "గద్ద మొత్తం నేనే చేస్తున్న" అని కోతలు కోశాను. ఆమె వాడంతా చాటింది. ఫొటో కోసం మా అమ్మతో సహా అందరూ కాచుకుని కూర్చున్నారు.

బొమ్మను నిలబెట్టిన రోజు భాయ్ నా ఫోన్ అడిగి తీసుకున్నాడు. "గోళ్ళ పక్కన నిలబడురా తమ్ముడూ. గద్దంతా పడాల, నువ్వూ పడాల" అంటూ వెనక్కి వెనక్కి నడిచి తీశాడు. చూస్తే నాకు ఫొటో నిండా ఆ ముక్కే కనిపించింది. ఇది పంపితే ఊరంతా దాన్నే పొగుడుతుంది! పైభాగం కత్తిరించి, నన్నూ నా గోళ్ళనీ మాత్రం పంపాను.

నిమిషంలో మా ఆవిడ నుంచి ఫోనొచ్చింది. స్పీకర్ ఆన్‌లోనే ఉంది. "మొత్తం నేనే చేసిన అంటివి గదా, గీనికి తలకాయేది? అత్తమ్మ అడుగుతున్నది." పక్కనుంచి భాయ్ అందుకున్నాడు: "ఇంగా ఆరలేదు చెల్లెమ్మా, మీ ఆయన రేపు పెడతాడులే!"

ఆయన నవ్వుతూ నిచ్చెన మడుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు కత్తిరించని ఫొటో పంపాను. మా ఆవిడ ముక్కు చూసి మురిసిపోయింది. ఆ మెప్పు గొంతు దిగక "అది భాయ్ చేసిండు" అని ఒప్పేసుకున్నాను.

తర్వాత కాంట్రాక్టు ముగిసి భాయ్ ఊరికి వెళ్ళిపోయాడు. ఆ ఫొటో ఇంకా నా దగ్గరుంది. గద్ద ఉంది, ముక్కుంది, గోళ్ళున్నాయి, ఛాతీ విరుచుకుని నేనున్నాను. తీసిన మనిషే లేడు. "భాయ్, ఇప్పుడు నువ్వు నిలబడు" అని ఒక్కమాట అనాలని నాలోని ఆ కుళ్ళుబోతు కుర్రాడికి తోచలేదు మరి.