రెండు టిక్కీల మిర్చి, ఒక డెమో కారు

2000వ సంవత్సరం జనవరిలో గుంటూరులోని ఒక కార్ల షోరూంలో సేల్స్ ట్రైనీగా చేరాను. ఇంటర్వ్యూలో మేనేజర్ మూర్తి గారు నన్ను కారులో కూర్చోబెట్టి, దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పావుగంట చెప్పాను. ఇంత ఓపికున్న కుర్రాడు ఈమధ్య దొరకలేదని ఉద్యోగం ఇచ్చారు. అసలు సంగతేమిటంటే, లోపలినుంచి తలుపు ఎలా తీయాలో నాకు తెలియలేదు.

ట్రైనీ మూడు నెలల్లో మూడు కార్లు అమ్మాలి. బుకింగ్ అయితే అమ్మినట్టు కాదు, డెలివరీ ఇస్తేనే లెక్క. మార్చి ముప్పై ఒకటి సాయంత్రంలోగా మూడో తాళంచెవి కస్టమర్ చేతిలో పెట్టకపోతే, మర్నాడు నేను షోరూం మెట్లెక్కనక్కర్లేదు. ఆఖరి వారానికి నావి రెండు కార్లు. ఎంక్వైరీ రిజిస్టర్లో పదిహేను రోజుల్లో కొనేవాళ్ళను ‘హాట్’ అని, నెలలో కొనేవాళ్ళను ‘వార్మ్’ అని, టీ తాగి వెళ్ళేవాళ్ళను ‘కోల్డ్’ అని రాస్తాం. నా పేజీలో హాట్ ఒక్కరే: విశాఖపట్నం నుంచి బదిలీ మీద వచ్చిన కాలేజీ లెక్చరర్ సునంద గారు. ఆవిడకు ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం డెమో.

ఆ వారం నేను కుర్చీలో కూర్చున్నది లేదు. బయట బ్రేకు చప్పుడైతే తలుపు దగ్గరికి పరుగు, ఫోను మోగితే కౌంటర్ దగ్గరికి పరుగు. “బాజీ, కాసేపు కూర్చోవయ్యా, నిన్ను చూస్తుంటే నా కాళ్ళు లాగుతున్నాయి” అన్నారు మూర్తి గారు.

ఇరవై ఏడున చినకోటయ్య వచ్చాడు. ప్రత్తిపాడు వైపు మిరప రైతు. అప్పటికి నాలుగుసార్లు వచ్చి, బానెట్ ఎత్తించి, టీ తాగి వెళ్ళిన మనిషి.

“ఖాళీ బండి లాగడం గొప్పేంట్రా? మిరపకాయ కొనేవాడు బస్తా పైన చూస్తాడా, అడుగున చెయ్యి పెడతాడా? బరువేసి చూపించు, ఉగాదికి తీసుకుంటా” అన్నాడు.

“బాబాయ్, డెమో కారు మనుషులకే.”

“మిరపకాయలు మనుషులకంటే మర్యాదస్తులు. టీ అడగవు.”

డెమో కారులో సరుకు ఎక్కించకూడదన్నది రూలు. ఒక హాట్ ఉన్నవాడికి రెండో హాట్ మీద ఆశ పుట్టడం జబ్బు. మూర్తి గారు భోజనానికి వెళ్ళినప్పుడు చినకోటయ్యవి రెండు టిక్కీలు ఎక్కించాను. మిర్చి యార్డులో బస్తాను అలాగే అంటారు. ఒకటి డిక్కీలో, ఇంకొకటి వెనక సీటులో పెట్టి, అరండల్‌పేట ఓవర్ బ్రిడ్జి ఎక్కించి దింపి, యార్డులో అప్పగించి వచ్చాను. తర్వాత పొడిగుడ్డతో దులిపాను. మా ఇల్లు యార్డు వెనకే. మార్చి నెలంతా మా పేటలో గాలే ఆ ఘాటు. నా ముక్కుకు ఏ తేడా తెలియలేదు.

మర్నాడు సునంద గారు ఎక్కారు. అద్దాలు మూసి ఏసీ వేశాను. వంద గజాలు దాటలేదు, మొదటి తుమ్ము. లక్ష్మీపురం చేరేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకోవడం తప్ప రోడ్డు చూడటం లేదు.

“ఏమిటయ్యా ఇది?”

“కొత్త ఏసీ గ్యాసు మేడమ్. మొదట్లో అంతే.”

“ఏసీ గ్యాసుకు తుమ్ములు రావు. నేను పాఠం చెప్పేది కెమిస్ట్రీ. కారాపు.”

దిగి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

మూర్తి గారికి నేను చెప్పేలోపే, కారు తలుపు తీసి ఆయనే తుమ్మారు. తిట్టలేదు. రిజిస్టర్ తెరిచి సునంద గారి పేరు పక్కన హాట్ కొట్టేసి కోల్డ్ అని రాశారు. తిడితే బాగుండేది.

ఇరవై తొమ్మిదిన కాలేజీకి వెళ్ళాను. స్టాఫ్ రూం బయట గంటసేపు నిలబడ్డాను. నిలబడ్డాననడం అబద్ధం, నడిచాను. ఆవిడ రాగానే రూలు తప్పడం, టిక్కీలు, పొడిగుడ్డ, గ్యాసు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. కోపంగా వింటారనుకున్నాను. ఆవిడ మాత్రం బరువెంత, మనుషులెంతమంది అని అడిగారు. చెప్పాను.

“బ్రిడ్జి ఎక్కిందా?”

ఎక్కిందని ఊరుకోవచ్చు. కానీ తొమ్మిదో తరగతితో చదువు మానేసినవాణ్ణి, కెమిస్ట్రీ టీచర్ ముందు మరోసారి తెలివి చూపించే ధైర్యం లేకపోయింది. “ఎక్కిందండీ. కానీ సగంలో మూడో గేరులో గింజుకుంది, రెండుకు దించాను. ఏసీ కూడా వేయలేదు. వేసుంటే ఇంకా ఇబ్బంది పడేది.”

ఆవిడ చాక్‌పీసు పొడి దులుపుకుని, తెల్ల రంగు స్టాకులో ఉందా అన్నారు. ఉందన్నాను. అయితే డెలివరీకి ముందు అద్దాలు మూసి, ఏసీ వేసి, పది నిమిషాలు నేను అందులో కూర్చోవాలన్నది షరతు. ముప్పై ఒకటి మధ్యాహ్నం కూర్చున్నాను. తుమ్మలేదు. తాళంచెవి ఇచ్చాను. మూర్తి గారు ఉద్యోగం ఖాయం చేసి, డెమో కారును మాత్రం నెల రోజులు నాకు ఇవ్వలేదు. చినకోటయ్య ఉగాదికి ట్రాక్టర్ కొన్నాడు.

ఆ తర్వాత ఎన్నేళ్ళు అమ్మినా రెండు పద్ధతులు మానలేదు. డెమోకు ముందు నేనే ఏసీ వేసుకుని కూర్చునేవాణ్ణి. కారు ఏం చేస్తుందో చెప్పేముందు ఏం చేయలేదో చెప్పేవాణ్ణి. దానివల్ల కొన్ని అమ్మకాలు పోయాయి, కొన్ని వచ్చాయి.

మొదటి సర్వీసుకు వచ్చినప్పుడు సునంద గారి ముందు కాస్త గొప్పలు పోయాను: “చేసిన తప్పు నిజాయితీగా ఒప్పుకున్నాననే కదా మేడమ్, మా దగ్గర కొన్నారు?”

“మిరపకాయల సంగతి నువ్వు ఒప్పుకునేదేముందయ్యా, నా ముక్కే ముందురోజు చెప్పింది. నేను కొన్నది, అడక్కపోయినా నువ్వు చెప్పిన రెండో గేరు విని.”